బదులు లేని పరిహాసము

కాట్పాడి జంక్షను దాటి జోలారుపేట దిక్కుగా సాగు రైలుమార్గమున, గుడియాత్తమునకు ముందు, లత్తేరి యను చిన్న స్టేషనొకటి కలదు. వేగముగల బండ్లు దానిని పలుకరింపకయే పోవును. ప్యాసింజరులో ప్రయాణము చేయువారికి మాత్రము ఆ పరిసరముల భాషాస్వభావము బాగుగా తెలియవచ్చును: ఒకే బల్లమీద కూర్చుండిన నలుగురిలో ఇరువురు ఇంట తెలుగును వీథిలో తమిళమును మాటలాడువారు, మూడవవాడు రెండింటిని కలగలిపి మాటలాడువాడు, నాలుగవవాడు తనకు తెలుగు రాదనుచునే తెలుగులో తిట్టినచో తక్షణమే గ్రహించువాడు. ఇందు వింత లేదు. 1911 వరకు ఉత్తరార్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము. ఆ సంవత్సరమున చిత్తూరు వేరు జిల్లాగా ఏర్పడగా ఉత్తరార్కాటు కచేరీలు వేలూరికి తరలినవి. పటము రెండైనదే గాని వియ్యములు, అప్పులు, సంతలు, జాతరలు రెండు కాలేదు. అట్టి చోట ఒక భాషవారు మరియొక భాషవారిని చూచి నవ్వుకొనకుండుట అసంభవము. నవ్వుకొనిరి, నేటికిని నవ్వుకొనుచున్నారు.

ఆ ప్రాంతమున బస్సులు నిలుచు రోడ్డుప్రక్కన ఏ టీకొట్టువద్దనైనను ఉదయము అరగంట నిలిచినచో ఆ నవ్వు చెవిని పడును. టెంకాయల బేరమునకు వచ్చిన నాయుడొకడు పంచె సవరించుకొనుచు బల్లమీద కూర్చుండగనే, బాయిలరు వెనుకనున్న మాస్టరు, పై చేతినుండి క్రింది చేతికి టీని మూరెడు పొడవున సాగదీయుచు, "ఏం గొల్టీ, టీలో కొంచెం కారం వేసేదా?" యనును. "వెయ్యన్నా, మీ అరవసాంబారు కంటే అదే మేలు" అని నాయుడు. అందరును నవ్వుదురు. మాస్టరు ఈ నాయుని కూతురి పెండ్లిలో పందిరి క్రింద తిరిగి వడ్డించినవాడు. నాయుడు మాస్టరుకు కష్టకాలమున చేబదులిచ్చినవాడు. మదరాసు నగరపు హాస్టలు గదిలో ఒంటరిగా చిక్కిన తెలుగు కుర్రవానిమీద విసరినపుడు తెలుగువారిని వెక్కిరించు "గొల్టి" యను ఆ మాట ఎట్టి గాయము చేయునో అట్టి గాయము ఇచ్చట చేయదు. అన్నమాటకు అనుమాట సిద్ధముగా నున్నది. అనినవాడు దానిని తిని నవ్వవలసియున్నది. ఉభయులును రేపు మరల అదే బల్లమీద కలిసికొనవలసియున్నది.

ఇట్టి ఎకసక్కెము తరతరములది. శ్రీనాథుని పేర చెల్లుచున్న చాటువులలో అరవవారి విందును, అందలి చారు ఘాటును ఆడిపోసికొన్నది ఒకటి కలదు. అరవయాసతో తెలుగు మాటలాడు పాత్ర మన నాటకములకును సినిమాలకును చవుకగా దొరకిన నవ్వు. తెలుగుయాసతో తమిళము మాటలాడు పాత్ర వారికిని అంతే. ఇంగ్లండులోని రెడింగు విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రమును బోధించిన క్రిస్టీ డేవీస్ దేశదేశముల జాతిపరిహాసములను పోగుచేసి 1990లో ఒక గ్రంథమును వెలువరించెను. జనులు తమకు బొత్తిగా తెలియని దూరదేశస్థులనుగూర్చి మూర్ఖకథలు అల్లుకొనరనియు, తమ అంచున నివసించుచు, తమను పోలియే యుండి, తమ భాషనే కొంచెము వంకరగా పలుకుచున్నట్లు తోచువారినిగూర్చియే అల్లుకొందురనియు ఆయన చూపెను. ఇంగ్లీషువానికి ఐరిషువాడు, ఫ్రెంచివానికి బెల్జియమువాడు, మనకు అరవవాడు, అరవవానికి మనము. ఆయన మతమున పరిహాసము ద్వేషమునకు సాక్ష్యము కానేరదు, ద్వేషమును పుట్టింపనేరదు. టీకొట్టు వద్ద వినబడిన మాటలకు ఈ సిద్ధాంతము చక్కగా సరిపోవుననుటలో నాకు సందేహము లేదు.

అయితే ఆ టీకొట్టు వద్దనే మరి కొంతసేపు నిలువవలెను. తెలుగువారు నక్కలవారనియు, తమిళులు నరికురవరనియు పిలుచు సంచారజాతికి చెందిన స్త్రీ యొకతె, చంకలో బిడ్డను, బుట్టలో పూసలదండలు, సూదులు, పిన్నీసులు పెట్టుకొని అటువైపు వచ్చును. ఆమె నోరు తెరవకమునుపే బల్లమీదివారిలో నొకడు ఆమె గొంతును అనుకరించుచు "సామియో!" యని సాగదీయును. రెండవవాడు ఆ సాగతీతకు మరికొంత సాగతీత చేర్చును. క్షణము క్రిందట ఒకరినొకరు గొల్టియనియు అరవమనియు వెక్కిరించుకొనిన నాయుడును మాస్టరును ఇప్పుడు ఏకకంఠముతో నవ్వుచున్నారు. ఆమెయు నవ్వును. నవ్వి, బుట్ట దింపి, పిన్నీసుల అట్టను చేత పట్టుకొని ధర చెప్పును.

"చూచితిరా, ఆమెకే లేని బాధ మీకెందుకు?" అను ప్రశ్న వెంటనే వచ్చును, అది అడుగువారు దుర్మార్గులు కారు, ఆలోచింపనివారు మాత్రమే. ఆమె నవ్వకున్నచో పిన్నీసులు అమ్ముడుపోవు. "మీ సాంబారు కంటే" అని ఆమె అనవలసివచ్చినచో ఆ కొట్టువద్ద మరల నిలువజాలదు. పరిహాసము రెండు సందర్భములందును ఒక్కటియే కావచ్చును, నవ్వు గూడ ఒక్కటియే కావచ్చును. కాని మొదటిదానికి బదులున్నది, రెండవదానికి లేదు. సమాజమున ఎవరు ఎవరిని ఏ మెట్టున నిలిపినారో తెలియగోరువాడు జనాభా లెక్కలను వెదుకనక్కరలేదు. ఎవరిమీద నవ్విన మాటకు బదులు రాదో, ఆ మాటలను ఏరి చూచిన చాలును.

మన ప్రాచీనులు ఈ విషయమును ఎరుగకపోలేదు. భరతుడు నాట్యశాస్త్రపు ఆరవ అధ్యాయమున హాస్యమును ఆరు విధములుగా విభజించి, స్మితహసితములను ఉత్తములకును, విహసితోపహసితములను మధ్యములకును, అపహసితాతిహసితములను అధములకును అప్పగించెను. వికృతమైన వేషము, వికృతమైన మాట నవ్వు పుట్టించునని కారణములను గూడ చెప్పెను. అంతకంటె ముఖ్యమైనది ఆ గ్రంథపు చివరి కథ. నాట్యవిద్యచే గర్వించిన భరతపుత్రులు ఋషులను వెక్కిరించుచు ఒక ప్రహసనమును కల్పించి ఆడగా, ఋషులు కోపించి వారిని శపించిరి. ఆ శాపముచేతనే నటులు సంఘమున క్రిందికి దిగజారిరని కథ. దీనిని నటుల కులమునకు చెప్పిన ఉత్పత్తికథగా సాధారణముగా చదువుదురు. నాకు మాత్రము ఇందు వేరొక సంగతి కానవచ్చుచున్నది: ఋషుల చేతిలో శాపమున్నది గనుక వారిమీది హాస్యము అపచారమైనది. శాపము లేనివారిమీద ఎన్ని ప్రహసనములు ఆడిరో, వానికి ఏ అధ్యాయమునను లెక్క లేదు.

బదులు లేని పరిహాసములలో ఇక నలుపు మాట. గుడియాత్తమువారికి ఈ విషయమున ఒక గౌరవము దక్కవలసియున్నది. 1954లో మదరాసు ముఖ్యమంత్రి పదవిని స్వీకరించిన కామరాజు శాసనసభలో ప్రవేశించుటకై నిలిచినది గుడియాత్తము ఉపఎన్నికయందే. ఇచ్చటి ఓటర్లు ఆయనను గెలిపించి పంపిరి. నల్లని దేహము, మోకాళ్ళవరకు వ్రేలాడు చేతులు గల ఆ మనిషిని జనులు నల్లగాంధీ యనిరి. ఆ మాటలో ఎగతాళి లేదు, నలుపును ఎత్తి పీట వేసిన ఆదరము కలదు. అదే తమిళదేశమున, అర్ధశతాబ్దము గడచిన పిదప, 2007లో, ఏవీఎం వారు నిర్మింపగా శంకర్ దర్శకత్వమున వెలువడి, తెలుగులోనికిని వచ్చి, మన థియేటర్లలో గూడ ఈలలు వేయించుకొనిన "శివాజీ" చిత్రమున, ఇరువురు యువతుల ముఖములకు నల్లరంగు దట్టించి, వారిని చూచి కథానాయకుడు భీతిల్లి పరుగెత్తుటయే హాస్యముగా చూపబడెను. ఆ యువతులకు పెట్టిన పేర్లు అంగవై, సంగవై. ఇవి సంఘకాలపు దాతయైన పారిరాజు కుమార్తెల పేర్లు. తండ్రి యుద్ధమున మరణించిన పిదప ఆ కన్యలు పొందిన దుఃఖము తమిళ సాహిత్యమున చిరస్మరణీయమైనది. సినిమాలో వారి తండ్రి పాత్రను ధరించినవారు తమిళాచార్యులుగాను, పట్టిమండ్రమను చర్చాసభల పీఠాధిపతిగాను ఖ్యాతిగన్న సాలమన్ పాప్పయ్యగారు. ఇందలి విడ్డూరము ఇంకొకటి కలదు: నల్లనివాడవని నాయిక తిరస్కరింపగా తెల్లబడుటకు ప్రయత్నించు ఆ కథానాయకుడు రజనీకాంత్, అనగా నలుపునకు దక్షిణదేశమంతట అభిమానుల జయధ్వానములను సంపాదించిపెట్టిన మహానుభావుడే. మగవాని నలుపు ఠీవి, ఆడుదాని నలుపు నవ్వులాట. తమిళ విమర్శకులు కొందరు ఈ దృశ్యములను తప్పుపట్టిరి. తెలుగువైపు ఆ మాట నా చెవిని పడలేదు. మనము కూడ నవ్వితిమి. 1975 నుండి "ఫెయిర్ అండ్ లవ్లీ" యని అమ్ముచు వచ్చిన క్రీము పేరులోని మొదటి మాటను ఆ కంపెనీవారు 2020లో తొలగించిరి; గొట్టములోని పదార్థమును కొనువారి కోరికను తొలగించుట వారి వశమున లేదు.

నవ్వినవారు మనవారే యైన మరియొక సంగతి హైదరాబాదు పేరుతోనే ముడిపడియున్నది. వెస్టిండీసుకు ప్రపంచ ట్వంటీ20 కప్పును గెలిచియిచ్చిన కెప్టెను డారెన్ సామి 2013, 2014 సంవత్సరములలో సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టున ఆడెను. తోటి ఆటగాండ్రు ఆయనను "కాలూ" యని పిలిచెడివారు. ఆయన అది బలశాలియని అర్థమిచ్చు ముద్దుపేరని తలచెను. పిలిచినప్పుడెల్ల అందరు నవ్వగా తానును నవ్వెను. 2020 జూన్ మాసమున ఒక టెలివిజన్ కార్యక్రమము మూలమున ఆ మాటకు నిజమైన అర్థము తెలిసికొని, తన్నట్లు పిలిచినవారు తనతో మాటలాడవలెనని బహిరంగముగా కోరెను. తరువాత వారిలో నొకనితో సంభాషించితిననియు, ఆతడు ప్రేమతోనే పిలిచినట్లు చెప్పెననియు తెలిపి, ఆయనయే ఆ వ్యవహారమును మర్యాదగా ముగించెను. ప్రేమతో పిలిచినమాట నిజమే కావచ్చును. నేను దానిని శంకింపను. ద్వేషము లేకుండగనే, కేవలము అలవాటుచేత, ఒక మనిషి చర్మమును అతని పేరుగా మార్చి, అతనిచేతనే దానికి నవ్వించుట సాధ్యమైనదన్నచో, అలవాటునకు ద్వేషముకంటె దీర్ఘమైన చేతులున్నవన్నమాట.

ఈ నవ్వుల చక్రము మనవైపు తిరిగినపుడు మనకు వెంటనే నొప్పి తెలియును. దాని పూర్వకథ ఇది. 1830 ప్రాంతమున టామస్ రైస్ అను తెల్లనటుడు ముఖమునకు మసి పూసికొని, చినిగిన బట్టలు ధరించి, "జిమ్ క్రో" అను నీగ్రో పాత్రను కట్టి గంతులు వేయగా అమెరికా పట్టణములు విరగబడి నవ్వినవి. అర్ధశతాబ్దము తిరిగిన తరువాత నల్లవారిని వేరు బోగీలలో, వేరు పాఠశాలలలో కూర్చుండబెట్టిన చట్టములకు జనులు పెట్టిన పేరు ఆ విదూషకునిదే. ఇంగ్లండు బి.బి.సి. వారు ఆ మసివేషపు పాటకచేరీని 1958 నుండి 1978 వరకు ఇరువది సంవత్సరములు టెలివిజనులో నడిపిరి. 1968లో పీటర్ సెల్లర్స్ అను మేటి హాస్యనటుడు ముఖమునకు గోధుమరంగు వేసికొని తడబడు భారతీయుడుగా "ది పార్టీ" చిత్రమున నటించెను. ఆ గొంతునుండియే కొంత ప్రేరణ పొంది, హాంక్ అజారియా యను నటుడు 1990 నుండి "సింప్సన్స్" అను బొమ్మల ధారావాహికలో అపు అను భారతీయ దుకాణదారునికి గాత్రదానము చేసెను. అపు మంచివాడే, కష్టజీవియే. కాని వాని పలుకు, నోరు తిరుగని వాని ఇంటిపేరు, వాని ఎనమండుగురు బిడ్డలు ఇవియే వానిలోని హాస్యము.

ఆ కాలమున అమెరికా టెలివిజనులో భారతీయుని ముఖము కానవచ్చుటయే అరుదు గనుక, అచ్చటి బడులలో చదువుకొనుచుండిన భారతీయ బాలురలో పలువురను తోటిపిల్లలు అపు గొంతుతోనే పిలిచిరి. న్యూయార్కు నగరపు క్వీన్సు ప్రాంతమున తెలుగు దంపతులకు జన్మించిన హరి కొండబోలు అట్టి బాలురలో నొకడు. అతడు పెరిగి తానే హాస్యకళాకారుడై, 2017 నవంబరున "ది ప్రాబ్లమ్ విత్ అపు" అను చిత్రమును వెలువరించెను. "మా తండ్రిని వెక్కిరించుచున్న తెల్లవాని గొంతును అనుకరించుచున్న తెల్లవానివలె" ఆ పాత్ర పలుకుచున్నదను భావమును అతడు అంతకు పూర్వమే వేదికలమీద వెలిబుచ్చియుండెను. అతడు కోరినది నిషేధము కాదు. తన బాల్యమున లేని బదులును ఆలస్యముగా చెప్పుట మాత్రమే. దానికి వచ్చిన తిట్లకు అంతు లేదు. "జోకును జోకుగా తీసికొనలేవా" యనునది వానిలో మృదువైనది. ధారావాహిక నిర్మాతలు 2018లో ఒక పాత్రచేత భుజములెగురవేయించినట్లు జవాబు చెప్పించి ఊరకుండిరి. అజారియా మాత్రము భారతీయుల మాటలను వినుచు కొంతకాలము గడిపి, 2020 జనవరిలో ఇక ఆ పాత్రకు గాత్రమియ్యనని చెప్పి, మరుసటి సంవత్సరమున బహిరంగముగా క్షమాపణ వేడెను. ముప్పది సంవత్సరములు తనకు కీర్తిని తెచ్చిన గొంతును వదలుకొనుట చిన్న సంగతి కాదని నేను భావింతును.

అంతకంటె చేదైన నవ్వు సియాటిల్ నగరమున వినబడెను. ఆదోనినుండి పై చదువులకై వెళ్ళిన ఇరువది మూడేండ్ల యువతి 2023 జనవరి 23వ తేది రాత్రి వీథి దాటుచుండగా, గంటకు 25 మైళ్ళు మించరాని చోట 74 మైళ్ళ వరకు వేగమందుకొనిన పోలీసు కారు ఢీకొని మరణించెను. ఆ విషయముననే తమ సంఘపు అధ్యక్షునితో ఫోనులో మాటలాడుచు మరియొక పోలీసు అధికారి పకపక నవ్వి, ఆమె ప్రాణమునకు విలువ పరిమితమేయని, ఒక చెక్కు వ్రాసిన సరిపోవునని అనుట అతని ఒంటిమీది కెమెరాలోనే నిక్షిప్తమైనది. సెప్టెంబరులో అది బయటపడగా, నగరపు లాయర్లు ఎట్లు బేరమాడుదురో దానినే వెక్కిరించితినని అతడు సంజాయిషీ చెప్పుకొనెను. 2024 జూలైలో అతనిని ఉద్యోగమునుండి తొలగించిరి. గమనింపుడు: ఆ మాటలలో జాతిపేరు ఒక్కటియు లేదు, రంగు లేదు, తిట్టు లేదు. ఎవరి చావును చూచి నవ్వవచ్చునను ముందస్తు నిశ్చయము మాత్రమే ఉన్నది. ఆ నవ్వు విని ఆంధ్రదేశమంతయు రగిలినది, రగులుట న్యాయమే.

ఇంటికి దగ్గరగా 2024 నవంబరు 3వ తేదిన చెన్నపట్టణపు సభయొకదానిలో నటి కస్తూరి, తెలుగువారు పూర్వము రాజుల అంతఃపుర స్త్రీలకు సేవచేయుటకై తమిళదేశమునకు వచ్చినవారను భావముతో ఒక వ్యంగ్యము విసరెను. తెలుగు సంఘములవారు ఫిర్యాదులు చేసిరి. తాను తెలుగువారినందరను ఉద్దేశింపలేదని చెప్పి ఆమె ఆ మాటలను ఉపసంహరించుకొనెను; మదరాసు హైకోర్టు ముందస్తు బెయిలు నిరాకరింపగా ఆ నెల 16వ తేదిన ఆమెను హైదరాబాదులో అరెస్టుచేసిరి, పిమ్మట బెయిలు లభించెను. అంతకు రెండేండ్ల ముందు, 2022 మే మాసమున, కోయంబత్తూరులోని ఒక విశ్వవిద్యాలయపు స్నాతకోత్సవములో నాటి ఉన్నతవిద్యామంత్రి పొన్ముడి, హిందీ నేర్చినవారికి ఉద్యోగములు దొరకుననుచున్నారు గదా, మరి ఇచ్చట పానీపూరి అమ్ముచున్నదెవరు అని అడిగి సభను నవ్వించెను. మొదటిదానికి మన రక్తము పొంగినది. రెండవదానికి నవ్వినవారిలో వేలూరి తెలుగువారు లేరని ఎవరైన ప్రమాణము చేయగలరా? వేలూరి పెద్దాసుపత్రి యెదుటి వీథులలో లాడ్జీల బోర్డులు బెంగాలీలో, హిందీలో, తెలుగులో వ్రాసియుండును. రోగిని వెంటబెట్టుకొని వచ్చి, భాష తెలియక, మందులచీటీ చేత పట్టుకొని దారి అడుగు ఉత్తరాదివాని హిందీని అనుకరించుట అచ్చటి ఆటోస్టాండులలో ఉచితవినోదము. ఆ వినోదమున భాషాభేదము లేకుండ అందరమును పాలుపంచుకొనుచున్నాము.

మరియు గొల్టియను మాటయే అందరిమీద ఒకే బరువుతో పడదు. తమిళదేశమున ఇంట తెలుగు మాటలాడువారిలో నాయుళ్ళు, రెడ్లు మాత్రమే కాక, చెప్పులు కుట్టుట, వీథులు ఊడ్చుట అను పనులలోనికి తరతరములుగా నెట్టబడిన అరుంధతీయులును కలరు. వారికి 2009లో ఆ రాష్ట్రప్రభుత్వము షెడ్యూల్డు కులముల కోటాలో 3 శాతము ప్రత్యేకించెను. నాయునిమీద విసరిన గొల్టి భాషను మాత్రము తగులును. అరుంధతీయునిమీద విసరినది భాషతో నాగక కులముదాక దిగును, ఆపై వృత్తిదాక దిగును. అతనిని చూచి నవ్వువారి వరుసలో తెలుగు నాయుడును నిలుచును. భాషాభిమానము ఆ క్షణమున ఎచ్చటికి పోవునో నాకు తెలియదు.

పరిహాసము ద్వేషమును పుట్టింపదన్న డేవీస్ వాదమునకు ఇచ్చట కొంత సవరణ అవసరము. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు టామస్ ఫోర్డు, మార్కు ఫెర్గూసన్ 2004లో ప్రతిపాదించినదాని ప్రకారము, కించపరచు హాస్యము పక్షపాతము లేనివానిలో దానిని క్రొత్తగా నాటదు. ఉన్నవానికి మాత్రము, ఈ చోట దీనిని బయటపెట్టినను ఎవరును తప్పుపట్టరను అభయమిచ్చును. ఫోర్డు బృందము తరువాత జరిపిన ప్రయోగములలో, స్త్రీలను అవమానించు హాస్యదృశ్యములను చూచిన పిదప, ముందే స్త్రీలయెడ వైరభావము గలిగిన పురుషులు మహిళాసంఘమునకు కేటాయించిన డబ్బును కోయుటకు ఎక్కువగా మొగ్గిరి. ఆ భావము లేనివారిలో అట్టి మార్పు కానరాలేదు. టీకొట్టు బల్లమీద కూర్చుండిన పదిమందిలో తొమ్మండుగురికి ఆ నవ్వు అంతటితో ముగియవచ్చును. పదియవవాడు నవ్వులన్నిటిని లెక్కపెట్టుకొని, వీరందరును నావారేయని ధైర్యము తెచ్చుకొని పోవును. 2014 జనవరిలో ఢిల్లీ లజపతనగరు అంగళ్ళ వీథిలో అరుణాచల ప్రదేశపు విద్యార్థియొకడు తన జుట్టును చూచి చేసిన ఎగతాళికి ఎదురుతిరిగి, కొట్లాటలో దెబ్బలు తిని మరణించెను. ఆ తరువాత కేంద్రము నియమించిన బెజ్‌బరూవా సంఘము ఈశాన్యమువారిని వెక్కిరించు పేర్లను శిక్షార్హము చేయవలెనని సిఫారసు చేసెను.

శాపము లేనివారికి చట్టము కొంతవరకు శాపమును ప్రసాదించినది. షెడ్యూల్డు కులములు, తెగల అత్యాచారనిరోధక శాసనము 1989లో వచ్చి, నలుగురి యెదుట ఉద్దేశపూర్వకముగా అవమానించుటను నేరము చేసెను. 2011లో తమిళదేశమునుండి వచ్చిన ఆరుముగం సేర్వై కేసులో సుప్రీంకోర్టు, కులపు పేర్లను తిట్టుగా వాడుటను తీవ్రముగా గర్హించి, అదే తీర్పులో టీకొట్టులలోని రెండు గ్లాసుల పద్ధతిని గూడ నేరమని చెప్పెను. తిట్టును, గ్లాసును ఒకే తీర్పులో కలిపి చూచుట ఎంతో వివేకముతో కూడిన పని; వేరు గ్లాసు పెట్టినవాని నోటనే వేరు జోకు పుట్టును. కాని చట్టమునకు హద్దు కలదు. సర్దారుల మీది జోకులను నిషేధింపవలెనన్న అర్జీ విషయమున 2017లో అదే న్యాయస్థానము, పౌరుల నడవడికి నీతినియమములను తాము శాసింపజాలమని చెప్పి చేతులు ముడుచుకొనెను. ఆ మాట సమంజసమే. నవ్వును పోలీసుల చేతికి అప్పగించిన దేశమున మొదట అరెస్టగువాడు అధికారిని చూచి నవ్వినవాడే యగును. పైవానిని చూచి క్రిందివాడు నవ్వుకొను స్వేచ్ఛ పోయిన తరువాత మిగులునది బదులు లేని నవ్వే.

మన భాషలో ఉత్తమహాస్యమునకు కొరత లేదు. గురజాడ అప్పారావు "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినపుడు అందు ఎగతాళికి గురియైనది ఆయన ఎరిగిన అగ్రహారమే, ఆయనవంటి ఇంగ్లీషు చదువరులే. ఆ నాటకముచేత నొచ్చుకొనినవారికి కలమును, పత్రికయు, పలుకుబడియు కలవు. కావలసినంత బదులు చెప్పుకొనిరి. కాని తరువాత వచ్చిన మన సినిమా, తెలంగాణ యాసను దశాబ్దములపాటు రౌడీకిని విదూషకునికిని మాత్రమే కేటాయించి, ఆ ప్రాంతమువారు రాష్ట్రమునే వేరుచేసికొనువరకు వారి నొప్పిని గ్రహింపలేదు.

చట్టమునకును సినిమాకును దూరముగా, మన చేతిలోనున్న ఒక చిన్న పని మిగిలియున్నది. వేలూరు, గుడియాత్తము, చిత్తూరు ప్రాంతముల పాఠశాలలలో వార్షికోత్సవము వచ్చినచో మారువేషముల పోటీ తప్పదు. అందు గాంధీ, భారతి, కృష్ణుడు, ఝాన్సీరాణితోపాటు కురవడు కురత్తి యని నరికురవ దంపతుల వేషము గూడ తప్పదు. చిన్నపిల్లకు ముఖము నలుపుచేసి, పూసలదండలు వేసి, చంకలో గుడ్డబొమ్మను కట్టి, "సామియో" యని అనిపించినచో తల్లిదండ్రులు ముద్దుతో ఫొటోలు తీయుదురు. నరికురవులకు తమదైన వాగ్రీబోలీ యను భాష కలదు. వారిని తమిళనాడు షెడ్యూల్డు తెగలలో చేర్చు బిల్లును పార్లమెంటు 2022 డిసెంబరున ఆమోదించినది. ఇకమీదట వారి పిల్లలు ఆ సర్టిఫికెట్టు పట్టుకొని ఆ పాఠశాలలకే రావలెను, ఆ వేదిక ముందే కూర్చుండవలెను. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపము ఇంతమాత్రమే: ఈ సంవత్సరపు జాబితానుండి ఆ వేషమును కొట్టివేయుడు.